క్రిస్మస్ అర్థం: దుఃఖంలో ఉన్నవారికి "దేవుడు మనకు తోడు" అన్న మాట ఏమి చెబుతుంది?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. ఈ సంవత్సరం మీ ఇంట్లో ఒక మరణం సంభవించింది. క్రిస్మస్ దగ్గర పడుతున్నకొద్దీ చుట్టూ ఉన్నవారు సంతోషించమని, దేవుడు మనతో ఉన్నాడని చెబుతున్నారు. ఆ మాట అబద్ధమని మీరు అనుకోవడం లేదు గాని అది మీ దాకా రావడం లేదు. క్రైస్తవ విశ్వాసంలో క్రిస్మస్‌కు ఉన్న అర్థం ఏమిటి, దేవుని సన్నిధి నిజమైతే దుఃఖం ఎందుకు తగ్గడం లేదు, ఈ స్థితిలో ఆరాధనకు వెళ్లడం వేషధారణ అవుతుందా అని అడిగారు. వాక్య పరిచర్యలోనూ, మరణం చూసిన కుటుంబాల మధ్యనూ చాలాకాలం గడిపినవాడిగా నాకు తెలిసినంతలో జవాబు రాస్తున్నాను. ఇది కొంచెం పొడవుగానే ఉంటుంది, ఎందుకంటే మీ రెండో ప్రశ్నకు పొట్టి జవాబులు ఇచ్చినవారే మిమ్మల్ని ఎక్కువగా బాధపెట్టి ఉంటారని నా అనుమానం.

క్రిస్మస్ గురించి సంఘం మొదటినుంచీ చెప్పుకున్న మాట ఒక్కటే. ఆదియందు దేవుని యొద్ద ఉన్న వాక్యం, దేవుడై ఉన్న వాక్యం, శరీరధారియై మన మధ్య నివసించాడని యోహాను సువార్త మొదటి అధ్యాయం చెబుతుంది. ఒక మహనీయుడు పుట్టాడని, ఆయన బోధలు గొప్పవని చెప్పడం దీనికి సరిపోదు. ఆ మాట క్రైస్తవేతరులు కూడా సంతోషంగా చెబుతారు. సృష్టికర్త తన సృష్టిలోకి దూరం నుంచి ఆజ్ఞలు పంపడంతో ఆగక, ఒక స్త్రీ గర్భంలో పెరిగి, పుట్టి, పాలు తాగి, నడక నేర్చుకుని, చివరకు మరణించేంతగా మనిషి అయ్యాడన్నది ఈ విశ్వాసానికి కేంద్రం. 325లో నైసియా సభ ఆయన తండ్రితో ఏకస్వభావం గలవాడని ప్రకటించింది. 451లో ఖల్కెదోను సభ ఆయన సంపూర్ణంగా దేవుడు, సంపూర్ణంగా మానవుడు అని, ఆ రెండు స్వభావాలు కలిసిపోకుండా, విడిపోకుండా ఒకే వ్యక్తిలో ఉన్నాయని స్పష్టం చేసింది. ఇవి పండితుల వాదాలుగా కనిపిస్తాయి గాని, మీ ప్రశ్నకు ఇవి ఎంత దగ్గరివో కాసేపటిలో చూద్దాం.

తేదీ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే ప్రతి డిసెంబరులోనూ ఈ వాదన అసలు సంగతిని మింగేస్తుంది. ఆయన ఏ రోజున పుట్టాడో సువార్తలు చెప్పలేదు. యేసు పుట్టినప్పుడు యూదయ రాజుగా ఉన్న హేరోదు క్రీ.పూ. 4లో మరణించాడని ఎక్కువమంది చరిత్రకారులు అంగీకరిస్తారు కాబట్టి, యేసు జననం అంతకుముందే జరిగి ఉండాలి. డిసెంబరు 25ను ఆయన జన్మదినంగా పేర్కొన్న పాత ఆధారం 354లో రోమాలో కూర్చిన ఒక పంచాంగ సంకలనంలో ఉంది. జూలియన్ పంచాంగాన్ని పాటించే ఆర్థడాక్స్ సంఘాలకు అదే పండుగ ఇప్పటి లెక్కలో జనవరి 7న వస్తుంది. ఆర్మేనియా సంఘం జనవరి 6న ఆచరిస్తుంది. తేదీ మారినా, ఆచరించే సంఘటన మారదు.

ఇక అసలు విషయానికి వస్తాను. "దేవుడు మనకు తోడు" అన్న మాటను మనం పండుగ అలంకారాల మీద చదవడానికి అలవాటుపడ్డాం. అది మొదట ఎక్కడ పలకబడిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. యెషయా 7వ అధ్యాయంలో, క్రీ.పూ. 735 ప్రాంతంలో, యూదా రాజైన ఆహాజు మీదికి అరాము రాజు రెజీను, ఇశ్రాయేలు రాజు పెకహు కలిసి యుద్ధానికి వచ్చారు. రాజు హృదయమూ ప్రజల హృదయమూ గాలికి అడవిచెట్లు ఊగినట్టు ఊగిపోయాయని గ్రంథం చెబుతుంది. యెషయా ఆ రాజును కలిసింది దేవాలయంలో కాదు. చాకిరేవు దారిలో, పై కోనేటి కాలువ దగ్గర. ముట్టడి పడితే నగరానికి నీళ్లు ఎలా అని చూసుకోవడానికి రాజు అక్కడికి వెళ్లి ఉంటాడని వ్యాఖ్యాతలు భావిస్తారు. భయంతో నీటి లెక్కలు చూసుకుంటున్న మనిషికి దేవుడు ఇచ్చిన సూచన ఒక బిడ్డ, ఆ బిడ్డ పేరు ఇమ్మానుయేలు, అంటే "దేవుడు మనకు తోడు".

ఆహాజు ఆ సూచనను కోరనన్నాడు. యెహోవాను శోధించనని భక్తిగా వినిపించే కారణం కూడా చెప్పాడు. ఆ తర్వాత దేవాలయంలోని వెండి బంగారాలు తీసి అష్షూరు రాజు తిగ్లత్పిలేసెరుకు కానుకగా పంపి సహాయం అడిగాడని 2 రాజులు 16వ అధ్యాయం చెబుతుంది. సహాయం వెంటనే వచ్చింది, అరాము రాజధాని దమస్కు పడిపోయింది. కానీ ఏ సామ్రాజ్యాన్ని ఆయన ఆశ్రయించాడో, ఆ సామ్రాజ్యమే ఒక తరం గడిచేసరికి ఆయన కుమారుడు హిజ్కియా కాలంలో యెరూషలేము గుమ్మం ముందు నిలబడింది. కనిపించే బలంతో పోలిస్తే దేవుని సన్నిధి ఎప్పుడూ చిన్నదిగా, ఆలస్యంగా, ఒక పసిబిడ్డంత నిస్సహాయంగా కనిపిస్తుంది. మీకు అలా కనిపించడం అవిశ్వాసానికి గుర్తు కాదని చెప్పడానికే ఈ కథ ఇంత వివరంగా రాశాను.

ఇదే సందర్భంలో ఇంకొక విషయం ఉంది, నాకు చాలా ఇష్టమైనది. చీకటిలో నడుస్తున్న జనులు గొప్ప వెలుగు చూశారన్న వాక్యాన్ని క్రిస్మస్ ఆరాధనల్లో ఎక్కడైనా చదువుతారు. యెషయా 9వ అధ్యాయం ఆ చీకటి ఎక్కడిదో పేర్లతో చెబుతుంది: జెబూలూను దేశం, నఫ్తాలి దేశం, అన్యజనుల గలిలయ. అష్షూరు సైన్యం ఇశ్రాయేలులో ముందుగా ఆక్రమించి, జనాన్ని చెరపట్టుకుపోయిన ప్రాంతాల్లో ఇవి ఉన్నాయి. అంటే చీకటి మొదట కమ్మినచోటనే వెలుగు మొదట కనిపిస్తుందని ప్రవక్త చెప్పాడు. సుమారు ఏడు వందల సంవత్సరాల తర్వాత యేసు నజరేతులో పెరిగి, కపెర్నహూములో కాపురముండి, తన పరిచర్యను గలిలయలో మొదలుపెట్టినప్పుడు మత్తయి తన సువార్త 4వ అధ్యాయంలో ఈ వాక్యాన్నే గుర్తుచేశాడు. నిరీక్షణ అన్నది చీకటి తక్కువగా ఉన్నవారి మీద ముందుగా ఉదయించేదని మనం తెలియకుండానే అనుకుంటాం. గ్రంథంలోని వరుస అందుకు తలకిందులుగా ఉంది.

దేవుని సన్నిధి అన్నది పాత నిబంధనలో ఒక భావన మాత్రమే కాదు, దానికి ఒక చరిత్ర ఉంది. ఫరో ముందుకు వెళ్లడానికి నేను ఎంతటివాడిని అని మోషే అడిగితే, నీవు ఇంతటివాడివని దేవుడు చెప్పలేదు; నేను నీకు తోడై ఉంటాను అన్నాడు. అరణ్యంలో ప్రత్యక్షపు గుడారం ఆయన మహిమతో నిండింది. సొలొమోను కట్టిన మందిరం కూడా అలాగే నిండింది, అయితే ఆకాశ మహాకాశాలే నిన్ను పట్టజాలవు, నేను కట్టిన ఈ మందిరం ఎంత అని సొలొమోను తన ప్రతిష్ఠ ప్రార్థనలోనే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత యెహెజ్కేలు ప్రవక్త ఆ మహిమ మెల్లగా, మందిరపు గడప దాటి, తూర్పు గుమ్మం దాటి, నగరానికి తూర్పున ఉన్న కొండ మీదికి వెళ్లిపోవడాన్ని దర్శనంలో చూశాడు. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం ఆ మందిరాన్ని కాల్చివేసింది. చెర నుంచి తిరిగివచ్చినవారు క్రీ.పూ. 516 ప్రాంతంలో రెండో మందిరాన్ని పూర్తిచేశారు గాని, మొదటి మందిరంలాగా మహిమ మేఘమై దానిని నింపిందని గ్రంథంలో ఎక్కడా లేదు.

ఈ నేపథ్యంతో లూకా 2వ అధ్యాయం చదవండి. యెహోవా మహిమ మళ్లీ ప్రకాశించింది. అది మందిరంలో కాదు, రాత్రివేళ పొలంలో, గొర్రెల కాపరుల చుట్టూ. వారికి ఇచ్చిన ఆనవాలు పొత్తిగుడ్డలతో చుట్టబడి పశువుల తొట్టిలో పడుకున్న శిశువు. శతాబ్దాల పాటు ప్రజలు ఏ గదిలోకి తిరిగి రావాలని ఎదురుచూశారో ఆ గదిలోకి దేవుని సన్నిధి రాలేదు. వీధిలో ఎవరైనా ఎత్తుకోగల బిడ్డగా వచ్చింది. ప్రధాన యాజకుడు ఒక్కడే, అదీ సంవత్సరానికి ఒక్కసారే అడుగుపెట్టగల అతిపరిశుద్ధ స్థలానికీ, కాపరులు త్వరగా వచ్చి చూసిన తొట్టికీ మధ్య ఉన్న దూరమే క్రిస్మస్ అర్థంలో పెద్ద భాగమని నేను అనుకుంటాను.

మనం బొమ్మల కొలువుగా పేర్చుకునే ఆ దృశ్యంలో సువార్తలు చెప్పని సంగతులు చాలా ఉన్నాయి. జ్ఞానులు ముగ్గురని లేదు, ఒంటెలు లేవు, స్థలం లేదని తిప్పి పంపిన సత్రపు యజమాని కూడా లేడు. అవి ఉన్నందువల్ల నష్టమేమీ లేదు. కానీ సువార్తలు చెప్పిన సంగతులను మనం ఆ దృశ్యంలోంచి తీసేశాం, అదే నష్టం. కైసరు ఔగుస్తు ఆజ్ఞ వల్ల నిండు గర్భిణి ప్రయాణం చేయవలసి వచ్చింది. మరియ శుద్ధీకరణకు వారు ధర్మశాస్త్రం చెప్పిన గువ్వల జతనో, రెండు పావురపు పిల్లలనో అర్పించడానికి వెళ్లారు. గొర్రెపిల్లను తెచ్చే స్థోమత లేనివారికి లేవీయకాండం 12వ అధ్యాయం అనుమతించిన అర్పణ అది. మందిరంలో బిడ్డను ఎత్తుకుని దేవుణ్ణి స్తుతించిన వృద్ధుడైన సుమెయోను, అదే ఊపిరిలో ఆ తల్లితో, నీ హృదయంలోకి ఒక ఖడ్గం దూసుకుపోతుందని చెప్పాడు. పుట్టిన బిడ్డను చూసి ఆశీర్వదించే మాటల్లో ఇది కూడా ఉంది.

మత్తయి సువార్తలో చీకటి ఇంకా చిక్కగా ఉంటుంది. హేరోదు బేత్లెహేములోనూ దాని పరిసరాల్లోనూ రెండు సంవత్సరాల లోపు మగపిల్లలను చంపించాడు. యోసేపు రాత్రికి రాత్రి తల్లీబిడ్డలతో ఐగుప్తుకు పారిపోయాడు. తిరిగి వచ్చాక కూడా హేరోదు కుమారుడు అర్కెలాయు ఏలుబడికి భయపడి గలిలయకు వెళ్లాడు. ఆ పిల్లల తల్లుల గురించి మత్తయి ఏ వివరణా ఇవ్వలేదు. ఇది ఒక గొప్ప ప్రణాళికలో భాగమని సమాధానపరచలేదు. యిర్మీయా 31వ అధ్యాయం నుంచి, తన పిల్లలు లేనందున ఓదార్పు పొందనొల్లని రాహేలు ఏడ్పును మాత్రం అక్కడ నిలిపాడు. ఓదార్పును నిరాకరించిన తల్లి స్వరానికి క్రిస్మస్ కథలో పరిశుద్ధ గ్రంథమే చోటిచ్చింది. యిర్మీయాలో ఆ వాక్యం తర్వాత నీకు రాబోవు కాలానికి నిరీక్షణ ఉందన్న వాగ్దానం వస్తుంది. కానీ మత్తయి తొందరపడి దానిని ఎత్తి రాయలేదు. దుఃఖంలో ఉన్నవారి దగ్గర కూర్చునేవారందరూ ఈ సంయమనం నేర్చుకుంటే బాగుంటుందని నాకు చాలాసార్లు అనిపించింది. మీకు సంతోషించమని చెప్పినవారు చెడ్డవారు కాదు. వారు రాహేలును దాటి పరుగెత్తారు, అంతే.

ఇక క్రీస్తు సంపూర్ణంగా మానవుడా అన్న నాల్గవ శతాబ్దపు వాదానికి వస్తాను. లవొదికయకు చెందిన అపొల్లినారిస్ అనే బిషప్పు, క్రీస్తు మానవ శరీరాన్ని ధరించాడు గాని ఆయనలో మానవ మనస్సు లేదని, దాని స్థానంలో దైవ వాక్యమే ఉందని బోధించాడు. క్రీస్తు ఘనతను కాపాడుతున్నానని ఆయన అనుకున్నాడు. నజియాంజుకు చెందిన గ్రెగొరీ దానికి ఇచ్చిన జవాబు సంఘ చరిత్రలో నిలిచిపోయింది: ఆయన ఏది ధరించలేదో అది స్వస్థత పొందలేదు. అంటే మన మనస్సును ఆయన తీసుకోకపోతే మన మనస్సుకు విడుదల లేదు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ అపొల్లినారిస్ బోధను తిరస్కరించింది. ఈ తీర్మానం మీలాంటివారికి ఎంత విలువైనదో ఆలోచించండి. ఆయనకు మనలాగే మనస్సు ఉంది కాబట్టే సిలువకు ముందు రాత్రి గెత్సేమనేలో, మరణమగునంతగా నా ప్రాణం దుఃఖంలో మునిగి ఉందని శిష్యులతో చెప్పగలిగాడు. మహారోదనంతోనూ కన్నీళ్లతోనూ ఆయన ప్రార్థించాడని హెబ్రీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం చెబుతుంది. దేవుడు మనతో ఉన్నాడంటే, మన బాధను పైనుంచి గమనిస్తున్నాడని మాత్రమే దాని అర్థం కాదు; దుఃఖంతో ఛాతీ బరువెక్కడం ఎలా ఉంటుందో ఆయన మానవ మనస్సుతోనే ఎరుగును.

మీ రెండో ప్రశ్నకు నేను చూపగల దగ్గరి భాగం పుట్టుక కథలో లేదు, యోహాను 11వ అధ్యాయంలో ఉంది. లాజరు రోగియై ఉన్నాడని కబురు విన్నాక కూడా యేసు తానున్నచోటనే రెండు రోజులు ఉండిపోయాడు. ఆయన బేతనియకు చేరేసరికి సమాధిలో పెట్టి నాలుగు రోజులైంది. మార్త ఎదురువచ్చి, ప్రభువా, నీవిక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చావకుండునని అంది. తర్వాత ఆమె సహోదరి మరియ వచ్చి అదే మాట అంది. ఇమ్మానుయేలు అన్న పేరు గలవాని ముఖం మీద, నీవు మాతో లేవు అని ఇద్దరు అక్కచెల్లెళ్లు అన్నారు. ఆయన వారిని గద్దించలేదు. మార్తకు పునరుత్థానాన్ని గురించి బోధించాడు, మరియతో మాత్రం ఏడ్చాడు. కొద్ది నిమిషాల్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. పునరుత్థానం తెలిసినంత మాత్రాన ఏడ్పు అనవసరమైపోదని దీనికంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. ఒక ఇంట్లోని ఇద్దరికి ఒకేలాంటి ఓదార్పు సరిపోదని కూడా ఇందులో కనిపిస్తుంది.

అందువల్ల దుఃఖం తగ్గకపోవడం దేవుడు దగ్గర లేడనడానికి రుజువు కాదు. సన్నిధినీ, సన్నిధి అనుభూతినీ ఒకటిగా చూడటం వల్ల వచ్చే పొరపాటు ఇది. ఈ పొరపాటును పెంచి పోషించిన బాధ్యత కొంతవరకు మా బోధకులది. మనసు తేలికపడితే దేవుడు వచ్చాడని, బరువెక్కితే దూరమయ్యాడని వినేవారికి అర్థమయ్యేలా మాట్లాడుతుంటాం. కీర్తనల గ్రంథం అలా మాట్లాడదు. 23వ కీర్తనలో నీవు నాకు తోడై ఉన్నావన్న మాట వచ్చేది పచ్చికగల చోట్లలో కాదు, గాఢాంధకారపు లోయలో నడుస్తున్నప్పుడు. అంతవరకు ఆయన అని చెప్పిన కీర్తనకారుడు అక్కడే నీవు అని నేరుగా పిలవడం మొదలుపెడతాడు. 88వ కీర్తన అయితే ఏ ఊరటా లేకుండా చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, అయినా అది ప్రార్థనే, అయినా అది దేవునితోనే మాట్లాడుతుంది.

సిలువను తప్పించి క్రిస్మస్ గురించి మాట్లాడితే ఈ జవాబు సగమే అవుతుంది. తొట్టిలో పడుకున్న బిడ్డకు "దేవుడు మనకు తోడు" అన్న పేరును మత్తయి మొదటి అధ్యాయంలో చూపాడు. అదే సువార్త 27వ అధ్యాయంలో ఆ బిడ్డ పెద్దవాడై, సిలువ మీద 22వ కీర్తనలోని మొదటి మాటలతో, నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచావని బిగ్గరగా కేకవేశాడు. ఆ కేక లోతును పూర్తిగా వివరించగల వేదాంతిని నేను చూడలేదు. క్రైస్తవ విశ్వాసం దానిని మన పాపం తెచ్చిన ఎడబాటును ఆయన మన స్థానంలో మోసిన ఘడియగా చూస్తుంది. దేవుడు నన్ను విడిచాడని ఎవరైనా అనుకునే చోటికి కూడా ఆయన ముందుగా వెళ్లి ఉన్నాడు కాబట్టి, ఆ చోటు ఇక దేవుడు లేని చోటు కాదు. మత్తయి తన చివరి అధ్యాయంలో, పునరుత్థానుడైన యేసు నోట, యుగసమాప్తి వరకు సదాకాలం మీతో కూడ ఉన్నానన్న మాటతో ముగించాడు. మొదటి అధ్యాయంలోని పేరుకూ చివరి అధ్యాయంలోని వాగ్దానానికీ మధ్య సిలువ, ఖాళీ సమాధి ఉన్నాయి. ఆ రెండూ లేకపోతే ఆ పేరు ఒక శుభాకాంక్షగా మిగిలిపోయేది.

నిరీక్షణ అన్నదాన్ని ఇక్కడే పట్టుకోవాలి. పరిస్థితులు బాగుపడతాయని అనుకునే ఆశావాదం వేరు. మీ విషయంలో జరిగిన నష్టం ఈ లోకంలో వెనక్కి రాదు. వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. క్రైస్తవ నిరీక్షణ క్రీస్తు మృతులలోనుంచి లేచాడన్న జరిగిపోయిన సంగతి మీద ఆనుకుని, ఆయన మళ్లీ వస్తాడన్న జరగబోయే సంగతి వైపు చూస్తుంది. అందుకే క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలంలో సంఘం ఆయన మొదటి రాకడతో పాటు రెండవ రాకడను కూడా ధ్యానిస్తుంది. థెస్సలొనీక సంఘంలో కొందరు మరణించినప్పుడు పౌలు, దుఃఖపడవద్దని రాయలేదు. నిరీక్షణ లేనివారిలాగా దుఃఖపడవద్దని రాశాడు. ప్రకటన గ్రంథం 21వ అధ్యాయంలో కూడా వరుసను గమనించండి: దేవుని నివాసం మనుష్యులతో ఉందన్న ప్రకటన ముందు వస్తుంది, వారి కన్నుల ప్రతి బాష్పబిందువును తుడవడం తర్వాత వస్తుంది. ఆయన వచ్చేసరికి కన్నీళ్లు ఇంకా కళ్లలోనే ఉన్నాయి. జర్మనీలో నాజీ ప్రభుత్వం చెరలో పెట్టిన పాస్టరు డీట్రిచ్ బోన్‌హోఫర్ 1943 నవంబరులో బెర్లిన్‌లోని టేగెల్ జైలు నుంచి మిత్రునికి రాసిన ఉత్తరంలో, ఆగమన కాలం జైలుగది లాంటిదని, దాని తలుపు బయటినుంచే తెరుచుకుంటుందని అన్నాడు. ఆయన గది తలుపు విడుదల కోసం తెరుచుకోలేదు. 1945 ఏప్రిల్‌లో ఆయనను ఉరితీశారు. ఆ సంగతి తెలిసి చదివినప్పుడు కూడా ఆ మాట నిలబడుతుంది, ఎందుకంటే ఆయన ఎదురుచూసినది జైలు అధికారి కోసం కాదు.

రోజువారీగా ఏమి చేయాలన్న దానికి నేను పెద్ద పట్టిక ఇవ్వను. 1 రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా చనిపోవాలని కోరుకుని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు, దేవదూత ముందు బోధ చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ పడుకోనిచ్చి, రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ, మెల్లని స్వరం ఆ తర్వాత వచ్చాయి. మీరు నిద్రపోతున్నారా, వేళకు తింటున్నారా అన్న ప్రశ్న ఆత్మీయమైన ప్రశ్నే. వారాల తరబడి నిద్ర లేకపోయినా, బ్రతకాలన్న ఆసక్తి సన్నగిల్లినా ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవండి. అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు. ప్రార్థనకు మాటలు రాకపోతే ఏడ్చిన కీర్తనకారుల మాటలను అరువు తెచ్చుకోండి. యేసు సిలువ మీద చేసినది కూడా అదే. మీ తరఫున ప్రార్థించే ఒకరిద్దరి దగ్గర మాత్రం నిజం చెప్పుకోండి, అందరికీ చెప్పనక్కర లేదు.

చివరగా ఆరాధన సంగతి. దుఃఖంతో వెళ్లడం వేషధారణ కాదు. లేని సంతోషాన్ని నటించడం వేషధారణ. ఎజ్రా 3వ అధ్యాయంలో రెండో మందిరానికి పునాది వేసిన రోజున, మొదటి మందిరాన్ని చూసిన వృద్ధులు గట్టిగా ఏడ్చారు, మిగిలినవారు సంతోషంతో కేకలు వేశారు, ఏది ఏడ్పు ధ్వనియో ఏది సంతోష ధ్వనియో జనం తెలుసుకోలేకపోయారు. ఏడ్చినవారిని బయటికి పంపినట్టు అక్కడ రాయలేదు. పాశ్చాత్య సంఘాల పంచాంగం కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది: డిసెంబరు 25కు మరునాడే రాళ్లతో కొట్టబడి చనిపోయిన స్తెఫను జ్ఞాపకదినం, 28న హేరోదు చంపించిన పసిపిల్లల జ్ఞాపకదినం. కొన్ని సంఘాలు క్రిస్మస్‌కు ముందు, సంవత్సరంలో రాత్రి పొడవుగా ఉండే డిసెంబరు 21 ప్రాంతంలో, దుఃఖంలో ఉన్నవారి కోసం ప్రత్యేకంగా ఆరాధన జరుపుతాయి. మీ సంఘంలో అలాంటిది లేకపోతే కాపరిని అడగండి, మీలాంటివారు ఇంకా ఉంటారు. పండుగ రోజున వెళ్లదలిస్తే వెనక వరుసలో, తలుపుకు దగ్గరగా కూర్చోండి. పాడలేకపోతే మిగిలినవారు పాడుతుండగా వినండి. మధ్యలో లేచి రావలసివస్తే మొహమాటపడకండి. ఆ రోజు అసలే వెళ్లలేకపోతే, 28న ఇంట్లోనే మత్తయి 2వ అధ్యాయం 13 నుంచి 18వ వచనం వరకు చదువుకుని, పోగొట్టుకున్న మనిషి పేరు దేవుని ముందు చెప్పుకోండి. ఈ సంవత్సరానికి మీ క్రిస్మస్ ఆరాధన అంతవరకే అయినా సరిపోతుంది.